గొంతుకి పతకం, మొహానికి చప్పట్లు

2023 ఆగస్టు 24న 69వ జాతీయ చలనచిత్ర అవార్డులు ప్రకటించగానే మన టీవీ చానళ్ళన్నీ ఒకటే పాట అందుకున్నాయి. ఉత్తమ నటుడు అవార్డు తొలిసారిగా ఒక తెలుగు నటుడికి వచ్చిందని. పుష్ప మొదటి భాగానికి అల్లు అర్జున్. అభిమానులు పండగ చేసుకున్నారు, చేసుకోవాల్సిందే. నాకు మాత్రం ఆ "తొలిసారిగా" అన్న మాట దగ్గరే ముల్లు గుచ్చుకున్నట్టయింది. అదేంటండీ, ఎస్వీ రంగారావు నటించిన భాషకి ఉత్తమ నటుడు రావడానికి 2021 సినిమాల దాకా ఆగాల్సొచ్చిందా?

ఈ ప్రశ్నకి మనవాళ్ళ దగ్గర ఎప్పుడూ రెండు రెడీమేడ్ జవాబులుంటాయి. ఒకటి: ఢిల్లీవాళ్ళకి మనమంటే చిన్నచూపు. రెండు: మన హీరోలకి నటనెక్కడ వచ్చు, అన్నీ తొడకొట్టుడు సినిమాలేగా. మొదటిది చెప్పుకుంటే మనసుకి హాయిగా ఉంటుంది. రెండోది చెప్తే మేధావిలా కనబడొచ్చు. అవార్డుల జాబితా మొత్తం ముందేసుకుని చూస్తే మాత్రం రెండూ నిలబడవు. అసలు కథ ఇంకోటుంది, అది కాస్త తమాషాగానూ కాస్త బాధగానూ ఉంటుంది.

వృత్తిరీత్యా వచ్చిన జబ్బు ఒకటుంది నాకు. ఏ జాబితా కనబడ్డా ఎక్సెల్ షీట్లో పెట్టి అటూ ఇటూ తిప్పి చూడాలనిపిస్తుంది. భాష ఒక కాలమ్, సంవత్సరం ఒక కాలమ్, విభాగం ఒక కాలమ్. "తెలుగు, ఉత్తమ నటుడు" అని వెతికితే 68వ అవార్డుల దాకా ఏమీ రాదు. కానీ డేటాబేస్ తో పని చేసేవాళ్ళకి మొదట నేర్పే పాఠం ఒకటుంది. నల్ వేరు, సున్నా వేరు. సున్నా అంటే పరీక్ష రాసాడు, మార్కులు రాలేదు అని. నల్ అంటే అసలు పరీక్షే పెట్టలేదు అని. రెండూ ఖాళీగానే కనిపిస్తాయి, అర్థాలు మాత్రం పూర్తిగా వేరు. మన తెలుగు నటుల ఖాళీలో మొదటి పద్నాలుగేళ్ళూ నల్. తరవాతి యాభై నాలుగేళ్ళు సున్నా. ఈ రెంటినీ కలిపేసి "మనకెప్పుడూ రాలేదు" అనుకోవడం వల్లే తప్పుడు జవాబులు పుడుతున్నాయి.

ముందు ఆ పద్నాలుగేళ్ళ సంగతి చూద్దాం.

స్వతంత్రం వచ్చిన కొత్తలో సర్కారువారికి సినిమా అంటే పెద్ద గౌరవం ఉండేది కాదు. 1949లో ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన ఒక ఫిల్మ్ ఎంక్వయిరీ కమిటీ వేసారు, 1951లో అది రిపోర్టు ఇచ్చింది. సినిమా చెడిపోయింది, బాగుచెయ్యాలి అన్న ధోరణి అప్పట్లో. 1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టదు. ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మాయమైపోతే జనం రేడియో సిలోన్ కి తిప్పుకున్నారు. ఆ నష్టం పూడ్చుకోడానికి 1957లో వివిధభారతి పెట్టాల్సొచ్చింది. అదే శాఖ, అదే మంత్రి ఉన్న కాలంలోనే 1954లో సినిమాలకి ప్రభుత్వ అవార్డులు మొదలయ్యాయి. అప్పుడు వీటిపేరు స్టేట్ అవార్డ్స్. అంటే ఇది మెచ్చుకోలు కంటే ఎక్కువగా దారిలో పెట్టే ప్రయత్నం అన్నమాట. బుద్ధిగా ఉన్న పిల్లాడికి బడిలో పలక బహుమతి ఇచ్చినట్టు.

మొదటి ఏడాది, అంటే 1953 సినిమాలకి, రాష్ట్రపతి స్వర్ణపతకం ఆచార్య అత్రే తీసిన మరాఠీ సినిమా 'శ్యామ్‌చీ ఆయీ'కి దక్కింది. సానే గురూజీ నవల అది, తల్లి కొడుక్కి నేర్పిన మంచి బుద్ధుల కథ. బిమల్ రాయ్ 'దో బీఘా జమీన్'కి ప్రశంసాపత్రంతో సరిపెట్టారు. ఆ ఏడాది ప్రాంతీయ భాషలకి వేరే బహుమతులు లేవు. మన 'దేవదాసు' వచ్చింది ఆ సంవత్సరమే. నాగేశ్వరరావు, సావిత్రి. కానీ తెలుగుకి అంటూ ఒక గడి అప్పటికి లేదు, నటులకి అంటూ గడి అసలే లేదు.

రెండో ఏడాది నుంచీ భాషలవారీగా రజతపతకాలు, ప్రశంసాపత్రాలు వచ్చాయి. తెలుగులో మొదటి రజతపతకం కె.వి. రెడ్డి గారి 'పెద్దమనుషులు'కి. ఊరి పెద్దమనిషి ముసుగులో ఉన్న అవినీతిపరుడి కథ, సర్కారు మెచ్చే సరుకే. ఆ మరుసటేడు బి.ఎన్. రెడ్డి గారి 'బంగారు పాప'కి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. బంగారు పాప అంటే ఏమిటి? ఎస్వీ రంగారావు. కరుడుగట్టిన మనిషి ఒక పసిపాప చెయ్యి తగలగానే కరిగిపోయే కథ. ఆ కరగడమంతా ఆయన మొహం మీదే జరుగుతుంది. ఆ మొహం తీసేస్తే ఆ సినిమాలో చూడ్డానికి మిగిలేది తక్కువ. రాష్ట్రపతి పతకం వచ్చింది. ఎవరికి? నిర్మాతకి, దర్శకుడికి. నటుడికివ్వడానికి పతకమే తయారు చెయ్యలేదు.

ఇక 1957. మాయాబజార్ వచ్చిన సంవత్సరం. ఘటోత్కచుడిగా రంగారావు, శశిరేఖగానూ, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగానూ సావిత్రి. ఆడపిల్ల ఒంట్లో రాక్షసుడు దూరితే నడక ఎలా ఉంటుందో, కనుబొమ్మ ఎలా లేస్తుందో ఆవిడ చేసి చూపించింది. ఆ ఏడాది తెలుగులో గుర్తింపు దక్కిన సినిమాలు 'భాగ్యరేఖ', 'తోడికోడళ్ళు'. రెండూ మంచి సినిమాలే, నేను కాదనను. ఆ రెంటిలో సంసారపక్షపు నీతి ఉంది, మాయాబజార్ లో ఆట ఉంది. దారిలో పెట్టాలనుకునేవాడికి ఆట కనబడదు.

1963లో నర్తనశాల. కీచకుడి పాత్రకి ఎస్వీఆర్ కి 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడు బహుమతి వచ్చింది. ఇండోనేషియావాళ్ళు ఇచ్చారు సరే, ఢిల్లీ ఎందుకివ్వలేదంటే జవాబు సింపుల్. ఢిల్లీలో అప్పటికి నటులకి అవార్డే లేదు. పక్షపాతమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు. స్కీములో లేదు, అంతే. నల్.

నటీనటులకి, గాయకులకి, సాంకేతిక నిపుణులకి విడివిడిగా అవార్డులు మొదలైంది 15వ సారి, అంటే 1967 సినిమాలకి. మొదటి ఉత్తమ నటుడు బెంగాలీ ఉత్తమ్ కుమార్, మొదటి ఉత్తమ నటి 'రాత్ ఔర్ దిన్'కి నర్గీస్. అప్పటికి దేవదాసు వచ్చి పద్నాలుగేళ్ళు, మాయాబజార్ వచ్చి పదేళ్ళు, 'చివరకు మిగిలేది' వచ్చి ఏడేళ్ళు, నర్తనశాల వచ్చి నాలుగేళ్ళు. మన నటనకి స్వర్ణయుగం అని మనం దేన్నంటామో అది సరిగ్గా ఆ ఖాళీలో పడిపోయింది. గేటు తెరిచేసరికి ఊరేగింపు వెళ్ళిపోయింది. ఎన్టీ రామారావు గారి సంగతే చూడండి. ఆయన పేరుకి ముడిపడ్డ జాతీయ పురస్కారాలు సొంత సంస్థలో తీసిన 'తోడుదొంగలు'కీ, ఆయన దర్శకత్వం వహించిన 'వరకట్నం' లాంటివాటికీ వచ్చినవి. అంటే నిర్మాణానికీ, దర్శకత్వానికీ. నటనకి కాదు!

సరే, 1967 తరవాత? అక్కణ్ణించి నల్ కాదు, సున్నాయే. ఇది ఎవరూ పరీక్ష పెట్టకపోవడం కాదు. ఇక్కడే కథ ఆసక్తిగా మారుతుంది.

ఎందుకంటే ఆ యాభై నాలుగేళ్ళలో తెలుగువాళ్ళకి జాతీయ అవార్డులు రాలేదా అంటే, బోలెడు వచ్చాయి. మొదట్లో పొరుగిళ్ళ ద్వారా వచ్చాయి. ఉత్తమ గాయనిగా జాతీయ అవార్డు అందుకున్న మొట్టమొదటి వ్యక్తి మన పి. సుశీల గారే, 1968లో, 'ఉయర్న్‌ద మణిదన్' అనే తమిళ సినిమాకి. అదే ఏడు ఉత్తమ నటి మన తెనాలి శారద, 'తులాభారం' అనే మలయాళ సినిమాకి. అప్పట్లో ఉత్తమ నటి అవార్డుని ఊర్వశి అనేవాళ్ళు కాబట్టి ఆవిడ ఊర్వశి శారద అయ్యింది. 1972లో 'స్వయంవరం'కి మళ్ళీ వచ్చింది, అదీ మలయాళమే. 1975లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఉత్తమ గాయకుడు, 'హంసగీతె' అనే కన్నడ సినిమాకి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఇక్కడ మన కూరని పొరుగింటివాళ్ళ గిన్నెలో పెడితేనే ఢిల్లీకి రుచించింది.

ఆ తరవాత మన సినిమాలకే రావడం మొదలైంది. 1976లో 'సిరిసిరిమువ్వ'కి సుశీల. తమాషా ఏంటంటే ఆ సినిమా కథానాయిక మూగది. మాట లేని అమ్మాయి కథలో కూడా అవార్డు వచ్చింది గొంతుకే! నేను చెప్పబోయేదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఎందుకంటే ఆ తరవాత పన్నెండేళ్ళు వరసగా ఇదే జరిగింది. నాలుగు సినిమాలు చూడండి.

శంకరాభరణం, 1979. స్వర్ణకమలం సహా నాలుగు అవార్డులు. సంపూర్ణ వినోదం అందించిన ఉత్తమ జనరంజక చిత్రంగా ఒకటి, సంగీతానికి కె.వి. మహదేవన్, గాయకుడిగా ఎస్పీ బాలు, గాయనిగా వాణీ జయరాం. శంకరశాస్త్రి గొంతుకి అవార్డు వచ్చింది. శంకరశాస్త్రికి రాలేదు. డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం చేసుకునే జె.వి. సోమయాజులు గారు ఆ పాత్రకి ఇచ్చిన చూపు, ఆ కూర్చునే తీరు, ఆ మౌనం... వాటికి చప్పట్లు మనమే కొట్టాం. ఆ ఏడాది ఉత్తమ నటుడు 'స్పర్శ్'లో అంధుడిగా చేసిన నసీరుద్దీన్ షా. ఆయన్ని తప్పు పట్టేదేమీ లేదు. నేను చెప్పేది వరస గురించి మాత్రమే.

మేఘసందేశం, 1982. ఉత్తమ తెలుగు చిత్రం, సంగీతానికి రమేష్ నాయుడు, గాయకుడు ఏసుదాసు, గాయని సుశీల. అక్కినేనికి లేదు.

సాగరసంగమం, 1983. సంగీతానికి ఇళయరాజా, ఆయనకి అదే మొదటి జాతీయ అవార్డు. గాయకుడు బాలు. కమల్ హాసన్ కి లేదు. ఇక్కడో తమాషా ఉంది. కమల్ కి దానికి ముందటి ఏడు 'మూండ్రామ్ పిరై'కి వచ్చింది, తరవాత 1987లో 'నాయకన్'కి వచ్చింది, రెండూ తమిళం. మధ్యలో తెలుగులో చేసిన సాగరసంగమానికీ రాలేదు, 1986లో స్వాతిముత్యానికీ రాలేదు. 1986లో ఉత్తమ నటుడు ఎవరో తెలుసా? కమల్ సొంత అన్నగారు చారుహాసన్, 'తబరన కథె' అనే కన్నడ సినిమాకి. అవార్డు ఇంటిదాకా వచ్చి పక్కగది తలుపు కొట్టింది.

రుద్రవీణ, 1988. జాతీయ సమైక్యతకి నర్గీస్ దత్ అవార్డు, సంగీతానికి ఇళయరాజా, గాయకుడు బాలు. చిరంజీవికి లేదు. ఆ ఏడు ఉత్తమ నటుడు మలయాళ 'పిరవి'లో తిరిగిరాని కొడుకు కోసం బస్టాండులో ఎదురుచూసే ముసలి తండ్రిగా చేసిన ప్రేమ్‌జీ.

నాలుగుసార్లు. నాలుగుసార్లూ సంగీతమూ, గొంతూ. నాలుగుసార్లూ మొహం మిస్. ఇంకా లెక్కేస్తే మాటకి కూడా వచ్చింది, 'అల్లూరి సీతారామరాజు'లో పాటకి శ్రీశ్రీ, 'మాతృదేవోభవ'కి వేటూరి, 'ఠాగూర్'కి సుద్దాల అశోక్ తేజ. కంటికి కూడా వచ్చింది, 'ముత్యాలముగ్గు' ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్య. ఫాల్కే అవార్డు జాబితా తిరగేసినా ఇదే. బి.ఎన్. రెడ్డి, ఎల్.వి. ప్రసాద్, నాగిరెడ్డి, రామానాయుడు, విశ్వనాథ్, వీళ్ళంతా నిర్మాతలో దర్శకులో. తెలుగు తెర మీద నటనకే అంటే ఒక్క అక్కినేని, 1990లో. (పైడి జైరాజ్ గారు మన కరీంనగర్ మనిషే గానీ ఆయన నటజీవితమంతా హిందీలో.) ఢిల్లీ మన పాట విన్నది, మన పద్యం విన్నది, మన బొమ్మ చూసింది. ఆ బొమ్మ మధ్యలో నిలబడ్డ మగవాడి దగ్గరికొచ్చేసరికి దాటుకుని పోయింది.

ఎందుకు?

"మాస్ హీరోలకి ఇవ్వరు కాబట్టి" అంటారు కొందరు. మరి 1971లో ఎం.జి.ఆర్.కి 'రిక్షాకారన్'కి ఇచ్చారే! అంతకంటే మాస్ ఏముంటుంది? "దక్షిణాదికి ఇవ్వరు" అంటారు ఇంకొందరు. మలయాళంలో పి.జె. ఆంటొని, గోపి, బాలన్ కె. నాయర్, ప్రేమ్‌జీ, మమ్ముట్టి, మోహన్‌లాల్. కన్నడంలో వాసుదేవరావు, చారుహాసన్. తమిళంలో కమల్ ఉండనే ఉన్నాడు. కాబట్టి ఆ వాదన కూడా చెల్లదు.

నా అభిప్రాయం ఏంటంటే, 1970ల నుంచీ ఉత్తమ నటుడు అవార్డు ఎక్కువగా ఒక రకమైన పాత్రకి వెళ్ళింది. ఓడిపోయే మనిషి. గుడి శిథిలమైపోతుంటే దేవతని నిలదీసే వెలిచప్పాడు, పెన్షన్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే జవాను తబర, కొడుకు కోసం చూసే తండ్రి. అలాంటి పాత్రలు తెలుగులో రాసినవాళ్ళు తక్కువ, రాసినా పెద్ద నటుల దాకా వెళ్ళినవి ఇంకా తక్కువ. మన దగ్గర "అవార్డు సినిమా" అనేది తిట్టు. ఆడని సినిమాకి మర్యాదపూర్వకమైన పేరు. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్లో సబ్‌టైటిల్స్ తో ప్రాంతీయ చిత్రం వేసేవాడు గుర్తుందా? భోజనం చేసి నిద్రపోవడానికి దాన్ని మించిన ఏర్పాటు లేదని జోకులేసుకునేవాళ్ళం. ఆ జోకు వెనకాల ఒక గోడ ఉంది. హీరోలు అటు, అవార్డు సినిమాలు ఇటు.

ఆ గోడ ఎంత గట్టిదంటే, తెలుగులో గొప్పగా చెప్పుకునే కళాత్మక చిత్రాలు కొన్నిటిని తియ్యడానికి బయటివాళ్ళు రావాల్సొచ్చింది. 'ఒక ఊరి కథ' తీసింది మృణాల్ సేన్, బెంగాలీ. అందులో ముఖ్య పాత్ర వేసింది కన్నడ నటుడు వాసుదేవరావు, అప్పటికే 'చోమన దుడి'కి జాతీయ ఉత్తమ నటుడు. 'అనుగ్రహం' తీసింది శ్యామ్ బెనెగల్. 'మా భూమి' తీసింది గౌతమ్ ఘోష్, బెంగాలీయే. బి. నర్సింగరావు గారు నిర్మాతగా వెనక నిలబడి, తరవాత తనే దర్శకుడై ఒంటిచేత్తో లాక్కొచ్చారు గానీ, ఆయన సినిమాల్లోకి పెద్ద హీరో ఎవరూ రాలేదు. కేరళలో ఆ గోడ లేదు. 1989లో మమ్ముట్టి ఏ సినిమాలకి ఉత్తమ నటుడయ్యాడో చూడండి. అదూర్ గోపాలకృష్ణన్ 'మతిలుకల్', హరిహరన్ 'ఒరు వడక్కన్ వీరగాథ'. ఒకటి జైల్లో ఉన్న రచయిత కథ, ఇంకోటి కత్తియుద్ధాల జానపదం. ఒకే ఏడాది, ఒకే మనిషి, రెండు పక్కలా. మన హీరోల్లో ఆ టాలెంట్ లేదని నేననను. ఆ అలవాటు లేదు.

దీనికి సాక్ష్యం మన కథానాయికలు. గోడకి ఇవతల ఆడవాళ్ళు నటించారు, అందుకే వాళ్ళకి వచ్చింది. 1978 సినిమాల అవార్డుల్లో శారదకి మూడో ఊర్వశి, ఈసారి తెలుగులోనే, 'నిమజ్జనం'కి. 1988లో నర్సింగరావు గారి 'దాసి'కి అర్చన. గడీలో దాసీగా బతికే పిల్ల. ఆ సినిమాకి మొత్తం అయిదు జాతీయ అవార్డులు, కళాదర్శకత్వానికి వచ్చింది చిత్రకారుడు తోట వైకుంఠం గారికి. 1990లో విజయశాంతికి 'కర్తవ్యం'. ఇది మరీ విచిత్రం. ఖాకీ బట్టలు, దౌర్జన్యాన్ని ఎదిరించడం, ఇవన్నీ మన హీరోలు వందసార్లు చేసినవే. అదే పాత్ర ఒక ఆడది చేస్తే అందులో నటన కనబడింది. ఎందుకంటే ఆ పాత్రకి దెబ్బ తగుల్తుంది, భయముంటుంది, ఆ తరవాత లేచి నిలబడుతుంది. మన హీరోకి మొదటి రెండూ ఉండనివ్వం.

1990 తరవాత? ఉత్తమ నటి కూడా ఆగిపోయింది. 2018 దాకా, ఇరవై ఎనిమిదేళ్ళు. పాటల్లో కనబడి వెళ్ళిపోయే పాత్రలు రాసుకుంటూ పోతే ఎవరికిస్తారు? 2018కి మళ్ళీ వచ్చింది కీర్తి సురేష్ కి, మహానటికి. ఈ ముక్క రాస్తుంటే నాకు చెయ్యి ఆగుతుంది. సావిత్రికి నటనకి జాతీయ అవార్డు లేదు. సావిత్రిలా నటించిన అమ్మాయికి వచ్చింది. అనుకరణకి వచ్చిందని చిన్నబుచ్చడం కాదు, కీర్తి బాగా చేసింది, అర్హురాలే. కానీ ఆ అవార్డు పత్రంలో సావిత్రి పేరు మొదటిసారి చేరిన తీరు చూడండి, నటిగా కాదు, పాత్రగా.

మగవాళ్ళలో దగ్గరదాకా వెళ్ళినవాళ్ళు ఇద్దరు గుర్తొస్తారు. 1991లో పి.ఎల్. నారాయణ గారికి 'యజ్ఞం'లో ఉత్తమ సహాయనటుడు. కాళీపట్నం రామారావు గారి కథ. 1997లో అన్నమయ్యకి నాగార్జునకి జ్యూరీ ప్రత్యేక ప్రస్తావన, సంగీతానికి కీరవాణికి అవార్డు. చూసారా, మళ్ళీ సంగీతానికి అవార్డు, మొహానికి ప్రస్తావన!

ఇక్కడ ఒకరడగొచ్చు, అవార్డులతో ఏం పని, జనం గుండెల్లో ఉంటే చాలదా అని. చాలదు. 2018 మేలో 65వ అవార్డుల రోజు రాష్ట్రపతి కేవలం పదకొండు అవార్డులే స్వయంగా ఇస్తారు, మిగతావి మంత్రులిస్తారు అని తెలిసి యాభైమందికి పైగా విజేతలు ఆ కార్యక్రమానికే వెళ్ళలేదు. రాష్ట్రపతి చేతిమీదుగా అందుకోవడం అంటే కళాకారుడికి అంత విలువ. ఇంకో కారణం, జనం గుండెలు పోతాయి, జాబితా మిగులుతుంది. వందేళ్ళ తరవాత తెలుగు రాని ఒక పరిశోధకుడు ఈ జాబితా చూసి తెలుగువాళ్ళలో గాయకులే ఉన్నారు, నటులు లేరు అని రాసుకుంటాడు. నల్ కి, సున్నాకి తేడా అతనికెవరు చెప్తారు?

ఇంతకీ 2021లో ఏం మారింది? మన హీరో గోడ దూకి అటు వెళ్ళాడా? లేదండీ. గోడే కదిలింది. బుద్ధులు నేర్పడానికి పెట్టిన అవార్డు 1975 సినిమాల నుంచి జనరంజక చిత్రానికంటూ ఒక విభాగం పెట్టుకుంది. నలభై ఏళ్ళకి, 2015 సినిమాలకి, రమేష్ సిప్పీ అధ్యక్షతన జ్యూరీ ఆ ప్రత్యేక విభాగంలో కాకుండా ఏకంగా ఉత్తమ చిత్రంగా బాహుబలిని ఎంచింది. తెలుగుకి అదే మొదటి ఉత్తమ చిత్రం. ఒకప్పుడు పథేర్ పాంచాలి, చారులత ఉన్న వరసలో బాహుబలి. దానికి కొందరు నొసలు చిట్లించారు, కొందరు ఎగిరి గంతేసారు. పుష్పకి ఉత్తమ నటుడు ఆ దారిలో వచ్చిందే. ఆ తరవాత 2023 సినిమాలకి షారుఖ్ ఖాన్ కి 'జవాన్'కి రావడం (విక్రాంత్ మాస్సేతో కలిపి) కూడా ఆ దారిదే.

పుష్పలో అల్లు అర్జున్ పనిని నేను తక్కువ చెయ్యను. ఒక భుజం పైకెత్తి మూడు గంటలు మొయ్యడం, చిత్తూరు యాసని జోకులా కాకుండా సొంత భాషలా పలకడం, ఇంటిపేరు లేదన్న అవమానం వచ్చినప్పుడల్లా మొహంలో రంగు మారడం, ఇది పనే. పైగా ఆ పాత్రకి దెబ్బ ఉంది. అందుకే అవార్డు పూర్తిగా స్టార్‌డమ్ కి వచ్చిందని కూడా అనలేను.

2023 అక్టోబరు 17న విజ్ఞాన్ భవన్లో ద్రౌపది ముర్ము గారి చేతులమీదుగా ఆయన అవార్డు అందుకున్నాడు. ఆర్ఆర్ఆర్ కి ఆరు అవార్డులు, అందులో కీరవాణి, కాలభైరవ ఉన్నారు. సంగీతానికి దేవిశ్రీప్రసాద్, 'కొండపొలం' పాటకి చంద్రబోస్. మన టీవీవాళ్ళు పెద్దగా పట్టించుకోని ఇంకో సంగతి అదే వేదిక మీద జరిగింది. ఫాల్కే అవార్డు అందుకున్నది వహీదా రెహ్మాన్. 1955లో 'రోజులు మారాయి'లో ఏరువాక పాటకి ఆడిన ఆ అమ్మాయే. తెలుగు తెర మీద మొదలుపెట్టి హిందీకి వెళ్ళిపోయిన ఆవిడ అరవై ఎనిమిదేళ్ళ తరవాత ఆ మెట్లెక్కింది. అదే రోజు అదే మెట్లు ఎక్కిన మొదటి తెలుగు ఉత్తమ నటుడు. మధ్యలో ఉన్న అరవై ఎనిమిదేళ్ళలో మెట్లెక్కాల్సినవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోవడం మన పని.

గోడ కదిలింది గానీ పడలేదు అని నేనెందుకంటున్నానంటే, 2023 సినిమాల అవార్డులు చూడండి. 'బలగం'కి వచ్చింది. దేనికి? పాటకి, కాసర్ల శ్యామ్. 'బేబీ'కి వచ్చింది, కథనానికీ, గాయకుడు రోహిత్ కీ. మళ్ళీ పాట, మళ్ళీ గొంతు. బలగంలో ఆ ఊళ్ళో మనుషుల్లా ఉన్న నటులు, కాకి ముట్టకపోతే కుమిలిపోయే ఆ మొహాలు, వాటికి మళ్ళీ చప్పట్లే.

కాబట్టి ఒక స్టార్ కి వచ్చినందుకు సంబరం సరే. స్టార్ కాని తెలుగు నటుడొకడికి, మామూలు మనిషిగా చేసి, ఓడిపోయి, ఏడ్చిన పాత్రకి ఉత్తమ నటుడు అవార్డు వచ్చినప్పుడు ఆ సున్నాల వరస నిజంగా తెగిందని నేననుకుంటాను. దానికి ఢిల్లీ చెయ్యాల్సింది కొంచెమే. అలాంటి పాత్ర మనం రాయాలి, మన హీరోని దెబ్బ తిననివ్వాలి, తిన్నాక మనం హాల్లోంచి లేచి పోకుండా కూర్చోవాలి.

ఇక ఆ పద్నాలుగు నల్ లు, వాటిని ఎవరూ పూరించలేరు. ఎస్వీఆర్ కి, సావిత్రికి ఎదురుగా ఉన్న గడి ఖాళీగానే ఉంటుంది. కనీసం అది సున్నా కాదని మన పిల్లలకి చెప్పగలిగితే చాలు.